కూతురిని నొప్పించు తల్లి మన కథలలో ఎచ్చట నున్నది?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ రజతోత్సవములో నన్నును నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు "మన సాహిత్యములో మాతృవాత్సల్యము" అను విషయమును వారే సూచించిరి. నేను సంతోషముతో ఒప్పుకొంటిని. ఇంటికి పోయి కాగితము ముందు పెట్టుకొని మూడు రాత్రులు కూర్చుంటిని. చేయి కదలలేదు. చెప్పుటకు మాటలు లేక కాదు. ఆ విషయముపై మాటలకు మన భాషలో కరవు లేదు. యశోదను, కౌసల్యను, కుంతిని తలచుకొన్నచో గంటసేపు సభను కరిగింపవచ్చును. కాని ఆ మాటలు చెప్పి దిగిపోయినచో, ఒకరికి చాలకాలముగా నేను బాకీపడియున్న జవాబును మరల ఎగవేసినవాడ నగుదును. అందుచేత కార్యదర్శిగారి అనుమతితో విషయమును తలక్రిందులు చేసితిని. కూతురిని నొప్పించు తల్లి మన కథలలో ఎచ్చట నున్నదని నేడు వెదకుదము.

ముందుగా ఒక మనవి. నేను పండితుడను గాను. మా నాయనగారు కరణీకము చేసినవారు. 1984లో ఆ వ్యవస్థ రద్దయినది. దస్త్రములు సర్కారుకు పోయినవి; మాకు ఒక మందసము నిండ పాతపుస్తకములు మిగిలినవి. నేను ఊరి లెక్కలు వ్రాసి పొట్ట పోసికొనువాడను. పగలు పద్దులు, రాత్రి పద్యములు. గురువు లేడు, నిఘంటువే గురువు. నా నోట ఈ పాతభాష వచ్చుటకు ఆ మందసమే కారణము. ఈ కొండల సవర భాషను నేర్చి, దానికి వ్యాకరణమును నిఘంటువును కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ సభలో నుండినచో, వాడుకమాటలలో చెప్పుమని నన్ను గద్దించియుందురు. వారి మాటయే న్యాయము. అలవాటు మానలేకున్నాను, మన్నింపుడు.

నేను బాకీపడిన జవాబు మా అప్పది. ఆమె నాకంటె ఏడేండ్లు పెద్ద. మా అమ్మ పోయిన పదునొకండవనాటి రాత్రి, చుట్టములు సర్దుకొని పండుకొనిన పిమ్మట, అరుగుమీద కూర్చుండి మా అప్ప నన్ను ఒక మాట అడిగెను. "నువ్వు ఇన్ని పుస్తకాలు చదివేవు గదరా, మనమ్మలాంటి అమ్మ ఏ పుస్తకంలోనైనా ఉందేట్రా?" నేనేమి చేసితినో వినుడు. తల్లిని మించిన దైవము లేదను అర్థము గల పద్య మొకటి రాగముతో చదివితిని. ఆమె పూర్తిగా విని, లేచి, పెరటిలోనికి పోయి మిగిలిన అంట్లు తోముకొన నారంభించెను. ఆ రాత్రి చాలసేపటివరకు గిన్నెల చప్పుడు వినవచ్చుచుండెను.

సరే, వెదకుదము. మొట్టమొదట మనకు కనుపించునది సవతితల్లి. దీపము పెట్టిన వేళ మన అవ్వలు చెప్పిన కథలలో ఆడపిల్లకు మాడు మెతుకులు పెట్టునది, కాలిన చేతితో నీళ్లు మోయించునది, అడవిలో విడిచిపెట్టించునది ఎప్పుడును సవతితల్లియే. కన్నతల్లి ఆ కథలలో ముందే మరణించియుండును. ఒక్కొక్కప్పుడు ఆమె చెట్టై మొలచి, ఆవై పుట్టి, బిడ్డను కాపాడును. ఇది మన దేశపు కథలలోనే కాదు. జర్మనీ దేశమున గ్రిమ్ సోదరులని ఇద్దరు పండితులు పల్లెకథలను పోగుచేసి 1812లో అచ్చువేసిరి. అందులో మంచువలె తెల్లనైన ఒక పిల్ల కథ యున్నది. ఆ పిల్ల అందమును చూచి ఓర్వలేక ఆమెను అడవిలో చంపించుమని పంపినది, ఆ మొదటి ముద్రణలో, కన్నతల్లియే. తరువాత 1819 ముద్రణలో ఆ సోదరులు ఆమెను సవతితల్లిగా మార్చివేసిరి. కథలో మరేమియు పెద్దగా మారలేదు. విషపు పండు అదే, అద్దము అదే. కన్నతల్లి అట్లు చేసినదని ఇంటింట పిల్లలు చదువుట వారికి రుచింపలేదు కాబోలు. నేను ఈ సంగతి తెలిసికొన్నప్పుడు మన అవ్వల కథలలో ఇట్లు ఎన్ని చేతులు మారినవో కదా అనుకొంటిని. మనకు పాతముద్రణలు లేవు కనుక పట్టుబడలేదు.

మనవారందరు ఎరిగిన సవతితల్లి గుండమ్మ. 1962లో వచ్చిన "గుండమ్మ కథ" చూడనివారు ఈ సభలో ఉండరు. సూర్యకాంతముగారు గుండమ్మ, సావిత్రిగారు సవతికూతురు లక్ష్మి, జమునగారు సొంతకూతురు సరోజ. లక్ష్మిచేత ఇంటెడు చాకిరి చేయించి, సొంతకూతురిని నేలమీద నడువనీయని ఆ ఇల్లు చూచి మనము నవ్వితిమి. సూర్యకాంతముగారు 1994లో స్వర్గస్థులైరి. అంతటి మంచి నటికి దక్కిన బిరుదు ఏమనగా, ఆ పేరు ఆడపిల్లకు పెట్టుటకు జనులు జంకుట! కాని నేనొక సంగతి అడుగుదును. గుండమ్మ సొంతకూతురిని కూడ పాడుచేసినది గదా? ఒక పని నేర్పలేదు, ఒక మాట సైపనేర్పలేదు. లక్ష్మికి జరిగిన కీడు మనకు కనుపించును. సరోజకు జరిగిన కీడు నవ్వులాటలో కొట్టుకొనిపోవును. సినిమా చివర దుర్గమ్మ చేతిలో చిక్కి గుండమ్మ నలుగుచున్నప్పుడు రక్షించుటకు వచ్చినది లక్ష్మియే. దానినిగూర్చి మరల చెప్పుదును.

సవతితల్లి తరువాత మన కవులు కనిపెట్టిన రెండవ చోటు వేశ్యాగృహము. ఇచ్చట మాత్రము కన్నతల్లియే కన్నకూతురిని పీడించును, కవులు నిర్భయముగా వ్రాసిరి. కాళ్లకూరి నారాయణరావుగారి "చింతామణి" నాటకమును మన ప్రాంతమున జాతరలలో తెల్లవార్లు ఆడెడివారు. అందులో శ్రీహరి అను తల్లి కూతురికి నేర్పు విద్యలు అందరకు తెలిసినవే. కూతురి మనస్సు ఎటు పోవుచున్నదో ఆమెకు పట్టదు, విటుల మూట ఎటు పోవుచున్నదో అదే పట్టును. ఆ నాటకములోని సుబ్బిసెట్టి పాత్ర తమను కించపరచుచున్నదని ఆర్యవైశ్యులు ఆక్షేపించిరి; 2022 జనవరిలో ప్రభుత్వమువారు ప్రదర్శనను నిషేధించిరి. సెట్టి తరపున అడుగువారు దొరకిరి. శ్రీహరి తరపున, చింతామణి తరపున అడుగువారు నూరేండ్లలో ఎవరు? దేవదాసీ పద్ధతిని మద్రాసు రాష్ట్రమున 1947లో చట్టముచే మాన్పించిరి గాని, క్రూరురాలైన తల్లి యనగా ఆ కులపు తల్లియే యను భావమును ఏ చట్టమును మాన్పలేదు. లోకములోని తల్లుల తప్పులన్నియు ఆ ఒక్క వాకిట పారబోసి, సంసారుల ఇండ్లు తుడిచి ముగ్గులు పెట్టుకొన్నట్లున్నది.

గురజాడవారు మాత్రము ఈ తోవను పోలేదని నాకు సంతోషము. "కన్యాశుల్కము"లో మధురవాణి తల్లి రంగముమీదికి రాదు. కాని చివర సౌజన్యారావు పంతులతో మాటలాడుచు మధురవాణి తన తల్లి చెప్పిన బుద్ధి ఒకటి తలచుకొనును: చెడనివారిని చెడగొట్టవద్దని. వేశ్యమాతకు అంత చక్కని మాట ఇచ్చిన కవి అరుదు. అదే నాటకములో బ్రాహ్మణ గృహమున కూతురిని అమ్మజూచినవాడు తండ్రి; తల్లి వెంకమ్మ ఏడ్చి మొత్తుకొనినను ఆమె మాట చెల్లలేదు, తమ్ముడు కరటకశాస్త్రి మారువేషముల ఉపాయము పన్నవలసివచ్చినది.

ఇక నేను ముఖ్యముగా చెప్పదలచిన పుస్తకము దగ్గరకు వచ్చితిని. సంస్కృతమున దండి వ్రాసిన "దశకుమార చరితము". దానిని పదమూడవ శతాబ్దమున కేతన తెలుగున పద్యకావ్యముగా చేసి తిక్కన సోమయాజికి అంకితమిచ్చి అభినవదండి యని పేరొందెను. ఈ కేతనయే ధర్మశాస్త్రమును కూడ "విజ్ఞానేశ్వరీయము"గా తెనిగించినవాడు. ఇంటి తగవులు ఎరిగినవాడన్నమాట. ఈ కథలో చంపానగరపు వేశ్య కామమంజరి ఒకనాడు జుట్టు విరబోసికొని పరుగున పోయి మరీచి యను మునిపాదములపై పడును. నాకీ సంసారము వలదు, తపస్సు చేసికొందునని ఏడ్చును. వెనుకనే ఆమె తల్లి బంధువులతో వచ్చి పడును. ఆ తల్లి మునితో చెప్పుకొను మొర చాల పొడవైనది. సారము చెప్పెదను.

ఈ పిల్ల పుట్టిన దినమునుండి దీని ఒంటిని నేనే కాపాడితిని. రంగు, బలము, తెలివి పెరుగునట్లు మితముగా తిండి పెట్టితిని. ఐదవ ఏడు వచ్చినది మొదలు కన్నతండ్రి కంటనైనను ఎక్కువగా పడనీయలేదు. పుట్టినరోజులు, పర్వదినములు జరిపించితిని. ఆట, పాట, వాద్యము, చిత్రలేఖనము, వంట, గంధములు కలుపుట, పూలు గ్రుచ్చుట, వ్రాత, మాటనేర్పు చెప్పించితిని. వ్యాకరణము, తర్కము, జ్యోతిషము పైపైన తెలియజేసితిని. జూదపు మెలకువలు సహితము నేర్పించితిని. ఉత్సవములకు సింగారించి పంపితిని. నలుగురిలో దీనిని పొగడుటకు మనుష్యులను కుదిర్చితిని. ఇంత చేయగా ఇది ఒక బీద బ్రాహ్మణ యువకుని రూపము చూచి మురిసి, తన సొమ్మే ఖర్చుపెట్టి నెలదినములు వానితో గడపినది. వచ్చు బేరములను కాదన్నది. ఇంటిల్లిపాది పస్తులు. వలదన్నందుకు కోపించి అడవికి పోయెదనన్నది. ఇదీ మొర.

అయ్యా, నేను లెక్కలు వ్రాయువాడను. ఈ మొరను మొదటిసారి చదివినప్పుడు నవ్వు వచ్చినది. రెండవసారి చదివినప్పుడు కలము చేతబట్టి ప్రక్కన గీటు గీచితిని. ఇది మొర కాదు, చిట్టా! తేదీవారీగా ఖర్చు వ్రాసియున్నది. నూనె, తిండి, గురువులకు జీతము, పండుగ వ్యయము, పొగడువారికి బత్తెము. అడుగున నిలువ తేల్చి, ఈ మొత్తము నీవు నాకు బాకీ యనుచున్నది. కాని ఏ చిట్టాకైనను రెండు ప్రక్కలుండును. ఖర్చు ఒక ప్రక్క, జమ ఒక ప్రక్క. ఆ పిల్ల మొదటిసారి నవ్విన నవ్వు జమలో లేదు. కాళ్లు వాచువరకు ఆడిన ఆట జమలో లేదు. అన్నేండ్లు ఇంటికి తెచ్చిన సొమ్ము సైతము జమలో లేదు. జమకట్టని చిట్టాను మా తనిఖీదారు ఎవడును సంతకము పెట్టడు.

ఈ కథలో ఇంకొక మెలిక కలదు. అదంతయు పన్నాగము. కామమంజరి మునిని వశపరచుకొందునని మరియొక వేశ్యతో పందెము వేసినది. ముని, తల్లితో నాలుగుదినములు ఓపిక పట్టుమనెను, కష్టములు చూచి పిల్లయే తిరిగివచ్చుననెను. పిల్ల తిరిగివచ్చినది, మునిని బండియెక్కించుకొని! పందెము గెలిచినది. కాబట్టి తల్లి మొర కూడ నాటకమే కావచ్చును. ఐనను నాటకమునకు మాటలు ఎచ్చటనుండి వచ్చినవి? ప్రతిదినము ఇంటిలో పలికినవే గదా అంత ధారాళముగా నోట వచ్చునది. మునికి అనుమానము రాకపోవుటకు కారణము కూడ అదే. లోకములో తల్లి ఇట్లు చెప్పగా ఆయన వినియుండును.

అదే కథలో ముందుకు పోయినచో కామమంజరి చెల్లెలు రాగమంజరి వచ్చును. ఈ పిల్లది నాటకము కాదు. సొమ్ము వలదు, గుణమే కావలెను, పెండ్లియే కావలెనని పట్టుపట్టినది. అప్పుడు తల్లి మాధవసేనయు అక్కయు కలిసి రాజునొద్దకు పోయి కన్నీరు కార్చిరి, మా కులధర్మము తప్పుచున్నదని. రాజేమి చేసెను? వీరి అనుమతి లేక రాగమంజరిని చేరినవాడు దొంగవలె వధ్యుడని ఆజ్ఞాపించెను. చూచితిరా! పిల్ల ఏమి కోరుచున్నదని అడిగినవాడు లేడు. ఆమెను వలచినవాడు దొంగ. అనగా ఆమె తల్లి సొత్తు. కేతన కాలమున రాజ్యము తల్లి చిట్టాపై ముద్ర వేసినది. నేటి రాజ్యము అట్లు కాదని మాత్రము ఈ సభలోని పిల్లలకు తెలియవలెను. 2015 నాటి బాలల న్యాయచట్టము బిడ్డను హింసించువారు ఎవరైనను శిక్షార్హులన్నది. తన పోషణలో నున్న బిడ్డ యని తల్లికిగాని తండ్రికిగాని మినహాయింపు ఈయలేదు. 1098 అను సంఖ్యకు ఫోను చేయవచ్చునని మన గ్రంథాలయపు తలుపుమీద నేనే వ్రాసిపెట్టితిని. ఎవరో రెండుమారులు చెరిపిరి. మూడవమారు రంగుతో వ్రాసితిని.

శూద్రకుని "మృచ్ఛకటికము"లో ఇంకొక తల్లి కలదు. ఉజ్జయినిలో వసంతసేన అను గణిక బీదవాడైన చారుదత్తుని వలచినది. రాజు బావమరది శకారుడు పదివేల సువర్ణముల నగలు పంపి ఆమెను రమ్మనును. బండి వాకిట నున్నది, బయలుదేరుమని తల్లి దాసిచేత కబురు పంపును. వసంతసేన అదే దాసిచేత తిరుగు కబురు పంపును: నేను బ్రదికియుండుట అమ్మకు ఇష్టమైనచో ఇట్టి ఆజ్ఞ మరల నాకు పంపవద్దని. అంతే. తిట్టు లేదు, శాపము లేదు. తల్లి మరల ఆ మాట ఎత్తలేదు. చివర వసంతసేన హతమైనదని, చంపినవాడు చారుదత్తుడని న్యాయస్థానమున నింద వచ్చినప్పుడు ఈ తల్లియే వచ్చి నిలుచును. నా బిడ్డ పోయినది, పోనిండు, ఇతడు బ్రదుకవలెను. ఫిర్యాదు చేయవలసినదానను నేను, నేను చేయుట లేదు, విడిచిపెట్టుడనును. నేను చదివిన తల్లులలో తాను ఆడిన మాటను వెనుకకు తీసికొనిన తల్లి ఈమె యొక్కతెయే.

ఒక స్త్రీ కలమునుండి వచ్చిన పుస్తకమును విడువరాదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరులో ముద్దుపళని వ్రాసిన "రాధికాసాంత్వనము"ను బెంగుళూరు నాగరత్నమ్మగారు 1910లో అచ్చువేయించిరి. అశ్లీలమని సర్కారువారు నిషేధించిరి. టంగుటూరి ప్రకాశము పంతులుగారి కాలమున ఆ నిషేధము తొలగినది. అందరు అందులో శృంగారమునే చూచిరి. నాకు వేరొకటి కనుపించినది. రాధ ఇళ యను పిల్లను తన చేతులతో పెంచి, తానే అలంకరించి, తానే కృష్ణునికి పెండ్లిచేయును. పిమ్మట ఆ పిల్లను చూచియే కుమిలిపోవును. పెంచిన చేయియు అసూయపడిన మనస్సును ఒక్కరివే. ఇట్టిదానిని ఒక స్త్రీయే వ్రాయగలిగినది.

ఇక్కడనే నాకు నా సందేహము తీరినది. మన పుస్తకములు వ్రాసినవారిలో నూటికి తొంబదితొమ్మండుగురు కొడుకులు. కొడుకు చూచిన తల్లినే వారు వ్రాసిరి. కూతురు చూచిన తల్లి వేరుగా నుండవచ్చునని వారికి తోచలేదు, ఎందుచేతననగా వారి కంచములో నేయి పడినది. నేనెట్లు చెప్పగలను? మా యింటనే ఇద్దరు తల్లులుండిరి గనుక.

మా అమ్మ నాకు వేడియన్నములో నేయి వేసి, ముద్దలు కలిపి, విసనకఱ్ఱతో విసరుచు తినిపించెడిది. అదే పూట మా అప్పకు మజ్జిగ నీళ్లు. మా అప్పకు ఎనిమిదవ తరగతితో చదువు మాన్పించినది. నూతినుండి నీళ్లు, పేడకళ్లు, వంటచెరకు, నన్ను చంకనెత్తుకొనుట, అన్నియు ఆమె పనులు. అన్నము మాడినదని ఒకమారు కాలిన అట్లకాడ మణికట్టుమీద పెట్టినది. ఆ మచ్చ నేటికిని గాజుల క్రింద నున్నది. దెబ్బలకంటె మాటలు ఎక్కువ. నిన్ను కన్న కడుపు కాలిపోనూ అని తెల్లవారుటతోనే మొదలు. నీకు పెట్టిన బియ్యము, నీకు కట్టిన బట్ట, నీకు పోయవలసిన కట్నము అని చిట్టా చదివెడిది. మాధవసేన చిట్టాలో కనీసము ఆటయు పాటయు నుండెను. ఆ చిట్టా చదువుచున్నప్పుడు నేను వరండాలో అమరకోశము వల్లెవేయుచుంటిని. వినబడలేదా? వినబడినది. గొంతు పెంచి చదివితిని.

ఇరుగుపొరుగువారు వినలేదా? వినిరి. కొట్టినా తల్లే, పెట్టినా తల్లే యనిరి. ఆ సామెత ఎంతమంది ఆడపిల్లల నోరు మూసినదో లెక్క కట్టువాడు లేడు. అత్త కోడలిని పెట్టు బాధలపై మనకు పాటలున్నవి, సామెతలున్నవి, సినిమాలున్నవి. అత్తవారింట ఏడ్చిన పిల్ల పుట్టింటికి వచ్చి చెప్పుకొనవచ్చును. పుట్టింటిలోనే ఏడ్చిన పిల్ల ఏ యింటికి పోవలెను?

మా అమ్మ దుర్మార్గురాలని నేను చెప్పుట లేదు. ఆమెకు పదుమూడవ ఏట పెండ్లియైనది. అప్పకు ముందు ముగ్గురు పసిబిడ్డలు పోయినారు, ముగ్గురు మగపిల్లలే. నాలుగవ కానుపున ఆడపిల్ల బ్రదికినందుకు మా నాయనమ్మ ఆమెను ఎన్ని మాటలన్నదో ఆ కాలపువారు చెప్పగా వింటిని. ఇవన్నియు నిజములు. కాని మా అమ్మకు ఎవరో చేసిన బాకీని మా అప్ప ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు. ఒకరి పద్దు ఇంకొకరి పేర వ్రాసిన గుమాస్తాను పనిలోనుండి తీసివేయుదురు.

గుండమ్మను రక్షించుటకు లక్ష్మి వచ్చినదంటిని గదా. మా అమ్మకు పక్షవాతము వచ్చి మంచము పట్టినప్పుడు మా అప్పయు వచ్చినది. రెండేండ్లు ఉన్నది. ఎత్తినది, కడిగినది, తినిపించినది. సినిమాలో గుండమ్మ మారినది. మా యింట అట్టిదేమియు జరుగలేదు. అమ్మ చివరివరకు నన్నే పిలిచెడిది. మంచినీళ్లు మాత్రము అప్ప పోసెడిది.

ఈ సభలో సవర, జాతాపు సోదరీమణులు చాలమంది యున్నారు. వారి పెద్దల ఆచారమొకటి చెప్పి ముగింతును. ఒడిషా వైపు సవర కొండలలో ఏండ్ల తరబడి నివసించిన పియర్స్ విటెబ్‌స్కీ అను ఆంగ్ల పండితుడు 1993లో ఒక గ్రంథము ప్రచురించెను, మృతులతో సంవాదములనుగూర్చి. ఎవరైన పోయిన పిమ్మట పూనకపు స్త్రీ ముఖమున ఆ పోయినవారు మాటలాడుదురు. బ్రదికినవారు చుట్టును కూర్చుండి ఏడ్తురు, జవాబు చెప్పుదురు, తగవాడుదురు, పాత లెక్కలు తీయుదురు. ఒక్కనాటితో ముగియదు, ఏండ్లు పట్టును. క్రైస్తవము వ్యాపించిన పిమ్మట ఆ ఆచారము చాలవరకు సన్నగిల్లినదని ఆయనయే 2017 నాటి మరియొక గ్రంథమున వ్రాసెను. ఆ పుస్తకమును గూర్చి తెలిసికొన్ననాడు నేను మా పదునొకండవనాటి రాత్రిని తలచుకొంటిని. మేము పిండములు పెట్టితిమి, గోదానము చేసితిమి, పురోహితుడు చెప్పిన మంత్రము చెప్పితిమి. మా అప్పకు తల్లితో మాటలాడుటకు ఒక్క నిమిషము ఎవరును ఈయలేదు. ఆమె నన్ను అడిగిన ప్రశ్నయే ఆమె ఆడదలచిన మాట. దానికి నేను పద్యము చదివితిని.

మొన్న సంక్రాంతికి మా అప్ప వచ్చినది. ఈ ప్రసంగము వ్రాయుచున్నానని చెప్పితిని. నీ మాట సభలో చెప్పవచ్చునా యని అడిగితిని. పేరు చెప్పకుండ చెప్పుకో యన్నది. అరుగుమీద కూర్చుండి మాధవసేన కథ, రాగమంజరి కథ చెప్పితిని. చిట్టా విన్నప్పుడు నవ్వినది. వసంతసేన తల్లి న్యాయస్థానమున నిలిచిన ఘట్టము వచ్చినప్పుడు నేను కొంత రాగము తీసి, కొంత గద్గదికతో చెప్పితిని. అది మంచి తల్లి యని ఆమె యనునని నా ఆశ.

"పిల్ల చచ్చిపోయిందనుకున్నాక గదరా ఆ మంచిమాట చెప్పింది" అన్నది.

నేను ఊరకుంటిని. కొంతసేపటికి మరల అడిగినది. "మొదట ఆ పిల్ల కబురు పంపిందన్నావు గదా, ఇలాగ నాకు చెప్పొద్దు అని. ఎవరిచేత పంపింది?"

"దాసిచేత."

"మనింట్లో దాసీ లేదు" అన్నది. "పంపితే నిన్నే పంపాల. నువ్వు చదువుకుంటున్నావు."